పుస్తకాల్లోని పిల్లలు, మా పిల్ల

ప్రతి పాఠ్యపుస్తకం ముందుగా ఒక పిల్లను ఊహించుకుంటుంది. ఆ పిల్ల ఏ ఊళ్లో పుట్టింది, ఎవరి మాట వింటుంది, ఎంతసేపు కుదురుగా కూర్చుంటుంది, ఇంట్లో పెద్దవాళ్లకు చదువొచ్చా రాదా, ఇవన్నీ రాసేవాళ్ల మనసులో ఒక కొలిక్కి వచ్చాకే మొదటి పాఠం మొదలవుతుంది. బడిలో ఒకే వరస పుస్తకాలు నడుస్తాయి కనుక ఈ సంగతి బయటపడదు. ఇంట్లో చదువు చెప్పుకునేవాళ్లం నాలుగు చోట్ల నుంచి నాలుగు రకాలు తెచ్చి ఒకే బల్ల మీద పరుస్తాం. ఒకరి మొహం ఒకరెరగని నలుగురు పిల్లలను ఒక్క చాప మీద కూర్చోబెడుతున్నామని అప్పుడు తెలుస్తుంది.

మాది ఖరగ్‌పూర్. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఇక్కడ జంక్షనూ కార్ఖానా కట్టాక గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి మనవాళ్లు పనికోసం వచ్చి, మథురాకాటి, నింపురా వైపు నిలదొక్కుకున్నారు. అప్పటికి ఆంధ్ర రాష్ట్రం అనేదే లేదు, అది 1953లో గానీ ఏర్పడలేదు. మా అమ్మాయిది ఇక్కడ నాలుగో తరం. ఇంట్లో శ్రీకాకుళం తెలుగు, క్వార్టర్ల మధ్య ఆటల్లో హిందీ, గోల్‌బజార్లో బేరాలకు బెంగాలీ. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించినప్పుడు మా అమ్మ వీధంతా తిరిగి చెప్పొచ్చింది. బల్ల మీద పుస్తకాలను చూస్తే మాత్రం ఆవిడకు నవ్వే. "ఏటే, ఒక్క గుంటకి ఇన్ని పుస్తకాలేటి?" అంటుంది.

ఆ బల్ల మీద పెద్ద బాలశిక్ష ఉంది. పుదూరి సీతారామశాస్త్రి మొదలుపెట్టి, వావిళ్లవారి అచ్చులతో తెలుగు ఇళ్లలోకి చేరిన ఆ పుస్తకానికి కావలసింది జ్ఞాపకశక్తి గల పిల్ల. అరవై సంవత్సరాల పేర్లు, నక్షత్రాలు, తిథులు, కొలతలు అన్నీ నోటికి రావాలి. పక్కనే విద్యాసాగరుడి బెంగాలీ అక్షరాల పుస్తకం వర్ణపరిచయం, 1855 నాటిది. దానికి కావలసింది వినయం గల పిల్ల. అందులో గోపాలుడు పెద్దలు చెప్పినట్టు వింటాడు, రాఖాలుడు వినడు. ఎవరిలా ఉండాలో వేరే చెప్పనక్కర్లేదు. దాని మీద ఠాకూర్ రాసిన సహజ పాఠం, 1930లో వచ్చింది, నందలాల్ బోస్ బొమ్మలతో. దానికి గోపాలుడితో పనిలేదు, కిటికీలోంచి బయటికి చూసే పిల్ల ఉంటే చాలు. ఇక ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020 నుంచి వేసిన పాఠ్యపుస్తకాలు, ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు. ఆ పిల్ల ఏదో ఒకనాడు తెలుగు పేజీ నుంచి ఇంగ్లీషు పేజీకి దాటిపోవాలని రాసినవాళ్ల ఆశ.

ఒక్కరోజులో ఈ నాలుగూ చదివితే పిల్ల ఏమవుతుంది? పొద్దున వల్లె వేస్తుంది, పది గంటలకు చేతులు కట్టుకుంటుంది, మధ్యాహ్నం కిటికీ దగ్గర నిలబడుతుంది, సాయంత్రానికి పేజీ దాటుతుంది. "మన రాష్ట్రం" అన్న పాఠం దగ్గర అసలు తిప్పలు మొదలవుతాయి. తెలుగు వాచకంలో మన రాష్ట్రం అంటే గోదావరి, తిరుపతి. బెంగాలీ పుస్తకంలో డార్జిలింగ్, సుందరబనాలు. "మనది ఏది?" అని అడిగింది మా పిల్ల. నేను రెండు పాఠాలూ పక్కన పెట్టి పటం తీశాను. ఖరగ్‌పూర్ నుంచి దక్షిణానికి గీత గీస్తే బాలాసోర్, కటక్, బరంపురం, పలాస. మన రాష్ట్రం ఆ పట్టాల పొడవునా ఉందని చెప్పాలనిపించింది, చెప్పలేదు. పిల్లలకు అలాంటి మాటలు వెంటనే అబద్ధంలా వినిపిస్తాయి.

ఎన్‌సీఈఆర్‌టీ నాలుగో తరగతి పరిసరాల పుస్తకంలో ఓమన అనే అమ్మాయి గుజరాత్ నుంచి కేరళ వెళ్లే రైలు పాఠం ఉండేది, టైమ్‌టేబుల్‌తో సహా. తక్కిన దేశంలో అది ఒక పాఠం. మా వీధిలో అది ఇంట్లో జరిగే మాట. లోకో షెడ్డులో పనిచేసే మామయ్యను పిలిస్తే టైమ్‌టేబుల్ ఎలా చదవాలో, ఏ బండి ఎక్కడ ఎందుకు ఆగుతుందో పిల్లకు రోజులతరబడి చెప్పాడు. లెక్కలు, భూగోళం, హిందీ అన్నీ అందులోనే కలిసిపోయాయి. అలా కలవాలని నేను ఏ పట్టికలోనూ రాసుకోలేదు.

పర్లాకిమిడి వైపు నుంచి ఖరగ్‌పూర్ వచ్చిన పాతతరం వాళ్లు నౌపడలో దిగేవారు. పర్లాకిమిడి రాజావారు 1900లో వేయించిన చిన్న పట్టాల బండి అక్కడితో ఆగిపోయేది. మూటా ముల్లే దించి, ప్లాట్‌ఫారం మీద మోసుకెళ్లి, పెద్ద పట్టాల బండిలో ఎక్కించాలి. రెండు గేజీలు ఒకే స్టేషనుకు వచ్చినంత మాత్రాన బండి ముందుకుపోదు, మధ్యలో ఎవరో ఒకరు మొయ్యాలి. పుస్తకాల జాబితాలు తయారుచేసే ఉత్సాహంలో ఈ మోత సంగతి ఎవరికీ గుర్తుండదు. ఇంటి చదువుల పట్టికలు చూస్తుంటాను. అక్కడి నుంచి ఈ గణితం, ఇక్కడి నుంచి ఆ సాహిత్యం, పక్కన ఓ విదేశీ ప్రకృతి పుస్తకం, అందులో మంచూ రాబిన్ పిట్టలూ. మంచివే అన్నీ. మంచివి కనుకనే ఏదీ వదలబుద్ధి కాదు.

ఇక్కడే విద్యాసాగరుడు నాకు దగ్గరగా అనిపిస్తాడు. ఆయన పుట్టిన బీర్‌సింఘ ఇప్పటి మా పశ్చిమ మేదినీపూర్ జిల్లాలోనే ఉంది. వర్ణపరిచయంలో ఆయన బెంగాలీకి అక్కరలేని ౠ, ౡ అచ్చుల్లోంచి తీసేశాడు. అనుస్వార విసర్గలను హల్లుల్లోకి జరిపాడు. సంస్కృతంలో అంతటి పండితుడు సంస్కృతం నుంచి వచ్చిన అక్షరాలను పిల్లల పుస్తకంలోంచి తొలగించడం మామూలు సంగతి కాదు. మన వాచకాల్లోంచి కూడా ఌ, ౡ చప్పుడు లేకుండా జారిపోయాయి. ఏది చేర్చాలో తెలియడానికి చదువు చాలు. ఏది వదలాలో తెలియాలంటే ఎదుట కూర్చున్న పిల్లను చూడాలి. నేను మొదట వదిలింది అరవై సంవత్సరాల పేర్లను. మా అమ్మ వారం రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

ఠాకూర్ బడి మానేసి ఇంట్లో హాయిగా చదువుకున్నాడని చాలామంది చెబుతుంటారు. ఆయన బాల్య జ్ఞాపకాలు చదివితే ఆ హాయి ఎంతో తెలుస్తుంది. తెల్లారకుండానే కుస్తీ, తర్వాత లెక్కలు, భూగోళం, చరిత్ర, సాయంత్రానికి బొమ్మలు, జిమ్నాస్టిక్స్, రాత్రి దీపం దగ్గర నిద్రకు తూగుతూ ఇంగ్లీషు. ఎముకల గూడు ముందు శరీరశాస్త్రం కూడా. కలగలుపు చదువులో పరాకాష్ఠ అది. పెద్దయ్యాక ఆయన కృతజ్ఞతతో తలచుకున్నది ఆ జాబితాను కాదు, ముందు బెంగాలీలోనే చదువు చెప్పించిన అన్న హేమేంద్రనాథ్‌ను. ఏది ముందు అని తేల్చినవాడు ఒకడున్నాడు ఆ ఇంట్లో.

విదేశీ పద్ధతుల్లో నేను నిలుపుకున్నది ఒక్కటి. షార్లెట్ మేసన్ అనే ఇంగ్లీషు ఉపాధ్యాయురాలు (1842–1923) చిన్నపిల్లలకు పాఠం ఒక్కసారే చదివి వినిపించి, పుస్తకం మూసి, తిరిగి చెప్పించమంటుంది. ఆవిడ చెప్పిన రాబిన్లను వదిలేసి దీన్ని ఉంచుకున్నాను. ఒక మధ్యాహ్నం బెంగాలీలో కథ విని, మా పిల్ల దాన్ని వాళ్ల అమ్మమ్మకు తెలుగులో చెప్పింది. నక్కను "ఆ నక్కగుంటడు" అంది. మధ్యలో పులికి కోపం వచ్చిన చోట హిందీలోకి దిగింది, ఎందుకంటే మా వీధిలో పోట్లాటలన్నీ హిందీలోనే. నేను బల్ల మీద పేర్చి పేర్చి కలపలేకపోయినవి ఆ ఐదు నిమిషాల్లో కలిశాయి. మా అమ్మ "మళ్లీ చెప్పు" అంది. రెండోసారి కథ మారింది, పులి కార్ఖానాలో ఉద్యోగం చేస్తోంది.

ఇదంతా ఇంకొన్నాళ్లే. విద్యాహక్కు చట్టంలో ఇంటి చదువు గురించి నేరుగా ఒక్క మాట లేదు. అందుకే మాలాంటి వాళ్లం చివరికి నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఓపెన్ స్కూలింగ్ పరీక్షల వైపు చూస్తాం. చిన్నపిల్లలకు అందులో ఏ, బీ, సీ స్థాయిలున్నాయి, మూడు, అయిదు, ఎనిమిది తరగతులకు సమానం. పదో తరగతికి వచ్చేసరికి అయిదు సబ్జెక్టులు, వాటిలో భాషలు రెండుకు మించకూడదు. తెలుగు ఉంది, బెంగాలీ ఉంది, హిందీ, ఇంగ్లీషు ఉన్నాయి. మా అమ్మకు తెలుగు లేకపోతే కుదరదు. మా ఆయన, ఇంగ్లీషు లేకుండా కార్ఖానా గేటు దాటి ఎక్కడికీ పోలేరంటారు. పిల్లనడిగితే బెంగాలీ అంది, దాని స్నేహితురాళ్లిద్దరూ అదే రాస్తారట. నేనింకా హిందీ వైపు ఎవరూ లేరేమిటా అని ఆలోచిస్తున్నాను.