వరుసలో నిలిచినవాడు

ధ్యానభాగములు: ఎఫెసీ 6:10-18, యాకోబు 2:1-4, 1 కొరింథీ 9:24-27



వరికోతలు ముగిసి చేలు ఖాళీయైన దినములలో మన రోలుగుంట, చోడవరము ప్రాంతపు పల్లెలలో పిల్లలు సాయంకాలమున చెడుగుడు ఆడుదురు. కూతకు వచ్చినవానిని అందరును చూచెదరు. వాని పేరే ఊరంతయు వినబడును. మోకాలు చీరుకొనిపోయినను వాని చీలమండను విడువక పట్టి, కూత ఆగువరకు నేలమీదనే పడియున్నవానిని ఎవరు తలంచుదురు? ఈ నెల అట్టి పట్టు పట్టువాడొకని జీవితమును మీ యెదుట పెట్టుచున్నాము. ఆయన మన దేశపువాడు కాడు, అమెరికా దేశస్థుడు. పేరు రెగ్గీ వైట్. ఆయన ఆటగాడును, వాక్యబోధకుడును అయియుండెను. ఆయన గెలుపునుండి మాత్రమే కాదు, ఆయన దుఃఖమునుండియు మన సంఘములు నేర్చుకొనవలసినది కలదు.

అమెరికావారు ఫుట్‌బాల్ అనునది మన పాఠశాలలలో కాలితో తన్ను బంతియాట కాదు. వారి బంతి కోలగా నుండును. దానిని చేతబట్టుకొని పరుగెత్తుదురు, విసరుదురు. ఒక్కొక్క పక్షమున పదకొండుగురు. బంతి గల పక్షము నాలుగు అవకాశములలో పది గజములు ముందుకు పోవలెను. పోలేనియెడల బంతి ఎదుటివారిదగును. బంతి కదలుటకు ముందు ఇరుపక్షముల బలశాలులు ఎదురెదురుగా వరుసతీరి, వంగి, చేయి నేలకు ఆనించి యుందురు. అడ్డుకొను పక్షపు వరుసలో నిలుచువాని పని ఏమనగా, తన్ను ఆపవచ్చిన భారీ మనుష్యుని త్రోసివేసి, బంతి విసరువానిని విసరకమునుపే పడగొట్టుట. బంతి వాని చేతికి వచ్చుట బహు అరుదు. ఒక్కొక్క పోరు కొన్ని క్షణములే; అది ముగియగానే లేచి, మరల వంగి, మరల నిలువవలెను.

రెగ్గీ వైట్ 1961 డిసెంబరు 19న టెనెస్సీ రాష్ట్రములోని చట్టనూగా పట్టణమున నల్లజాతి కుటుంబములో జన్మించెను. పదిహేడేండ్ల ప్రాయముననే బాప్తిస్టు బోధకుడుగా నియమింపబడెను. 1984లో మెంఫిస్ జట్టున చేరి ఆటనే వృత్తిగా చేసికొనెను. 1985 నుండి 1992 వరకు ఫిలడెల్ఫియా జట్టులోను, 1993 నుండి 1998 వరకు గ్రీన్ బే జట్టులోను, ఒక యేడు విశ్రమించి 2000లో కరోలినా జట్టులోను ఆడెను. 1987లో పండ్రెండు ఆటలలోనే 21 మార్లు బంతి విసరువానిని పడగొట్టెను. ఆయన ఆట విరమించునాటికి ఆ లెక్క 198. అప్పటికి ఆ పెద్ద పోటీలలో అంతకుమించిన లెక్క ఎవరికిని లేదు. 1997 జనవరి 26న సూపర్ బౌల్ అను అంతిమ పోటీలో మూడుమార్లు పడగొట్టెను. ఆయన జట్టు 35-21తో గెలిచెను. ఆంగ్లమున మినిస్టర్ అను ఒక్క మాటకే మంత్రియనియు, సంఘ సేవకుడనియు అర్థము గనుక జనులు ఆయనను రక్షణ మినిస్టర్ అని ముద్దుగా పిలిచిరి.

మొదటి సంగతి: నిలుచుట. పౌలు చెరలోనుండి ఎఫెసు సంఘమునకు వ్రాయుచు సర్వాంగకవచమును ధరించుమని చెప్పిన చోట, నిలిచియుండుడను హెచ్చరికను మరల మరల పలుకుచున్నాడు. సాతాను నిన్న ఓడిపోయెను గనుక నేడు రాడని ఎంచరాదు. ఒక దినము సారా మానినవానికి మరుదినము అంగడి తెరచియే యుండును. ఒకసారి క్షమించిన అత్తకును కోడలికిని మరునాడు పొయ్యి దగ్గర మరల పరీక్ష కలుగును. వరుసలో నిలుచువాడు నిన్నటి గెలుపుతో నేటి పోరు పోరలేడు. 1996 జనవరిలో, రెగ్గీ వైట్ సహాయ కాపరిగానున్న నాక్స్‌విల్ పట్టణపు ఆలయమును ఎవరో తగులబెట్టిరి. నల్లవారిని దూషించు వ్రాతలు అచట కనబడెను. ఆయన నోరు మూసికొనక ఆ ద్వేషమును బహిరంగముగా ఖండించెను. దూరమునున్న గ్రీన్ బే ప్రజలు ఆ ఆలయమునకై కానుకలు పంపిరి. తన సంఘమునకు ఆపద వచ్చినప్పుడు పారిపోనివాడే నిలిచినవాడు.

రెండవ సంగతి మన హృదయములకు నొప్పి కలిగించునది. ఈయన పేరు పెద్దదగుచుండగా సంఘములు ఆయనను వేదికలకు పిలిచెను. జనులు గుంపులుగా వచ్చిరి. 1998లో విస్కాన్సిన్ రాష్ట్ర శాసనసభవారు కూడ పిలిచిరి. అచట ఆయన ఒక్కొక్క జాతివారికి ఒక్కొక్క గుణము అంటగట్టి మాటలాడెను. ఆ మాటలవలన అనేకులు నొచ్చుకొనిరి, ఆయనకు నింద కలిగెను. బలమైన భుజము గలవానికి బలమైన వివేచన కూడ ఉండునని ఎంచుట వినువారి పొరపాటు. ఆ పొగడ్తను నమ్ముట చెప్పువాని పొరపాటు.

ఆట మానిన తరువాత ఆయన తన్ను తాను పరీక్షించుకొనెను. జనులు తనను కోరినది తన ఆటను బట్టియే గాని తన యొద్దనున్న వాక్యమును బట్టి కాదనియు, తాను వాక్యము బోధించుటకంటె ఉత్సాహము పుట్టించుటయే ఎక్కువగా చేసితిననియు తన జీవితపు చివరి దినములలో ఒప్పుకొనెను. వేదికలు విడిచి, హెబ్రీ భాష నేర్చుకొని, లేఖనములను మూలభాషలో చదువుటకు బడిపిల్లవానివలె కూర్చుండెను. ఆ చదువులో ఆయన చేరిన అభిప్రాయములన్నిటితో మనము ఏకీభవింపనక్కరలేదు. అయినను వేలమంది చప్పట్లు విన్నవాడు, నాకు వాక్యము తెలియదు, నేర్చుకొనవలెను అనుట చిన్న సంగతియా? ఇతరులకు ప్రకటించి తానే తగనివాడుగా తేలుదునేమోయని పౌలు పడిన భయమే ఇది.

ప్రియులారా, తప్పు ఆయనది మాత్రమేనా? పిలిచినవారిది కాదా? మన సభల సంగతి చూచుకొందము. కరపత్రము మీద ఎవరి పేరు పెద్ద అక్షరములతో వేయుదుము? కారులో వచ్చిన ప్రసంగికునికి ముందు కుర్చీ, పూలదండ. వర్షములో బురద త్రొక్కుకొనుచు రోగి యింటికి పోయి ప్రార్థించు బైబిలు స్త్రీకి చాప చివర చోటు. ఎసరు పెట్టునప్పుడెల్ల పిడికెడు బియ్యము ప్రభువునకు తీసియుంచు తల్లి పేరు ఏ కరపత్రము మీదను లేదు. బంగారు ఉంగరము గలవానికి మంచి చోటును, దరిద్రునికి పాదపీఠము దగ్గర చోటును చూపువారిని యాకోబు గద్దించెను. ఆ గద్దింపు మనకే. ఈ పత్రిక వ్రాయు మేము కూడ పేరు గలవారి వెంట పడినవారమే. ప్రభువు మమ్మును క్షమించునుగాక.

మూడవ సంగతి: బలము అరువు సొమ్ము. మూడువందల పౌన్లు తూగు మనిషిని ఒక చేతితో ప్రక్కకు నెట్టిన ఆ రెగ్గీ వైట్ 2004 డిసెంబరు 26న, ఆదివారము ఉదయమున, నలుబదిమూడేండ్ల ప్రాయమున అకస్మాత్తుగా మరణించెను. సార్కాయిడోసిస్ అను వ్యాధి ఆయన గుండెను ఊపిరితిత్తులను పట్టియుండెను. గుండె లయ తప్పెను. ఆ దినమే మన తూర్పు తీరమును సునామీ కొట్టినది. సముద్రమే మన కాళ్ల క్రిందికి వచ్చిన ఆ ఆదివారమును మనము మరువలేము. మనుష్యుని కాలిబలమందు యెహోవాకు సంతోషము లేదని 147వ కీర్తన నేర్పుచున్నది. 2006లో ఆ ఆట మహనీయుల మందిరమున ఆయన పేరు చేర్చబడినప్పుడు ఆ గౌరవమును అందుకొనుటకు ఆయన భార్య నిలువవలసివచ్చెను.

కాబట్టి యౌవనులారా, ఆడుడి, బలము సంపాదించుడి. ఆ బలమును ఇచ్చినవానిని ఎరిగియుండుడి. సంఘ పెద్దలారా, ఈసారి సభలు పెట్టునప్పుడు పేరును విచారించుటకు ముందు వాక్యమును విచారించుడి. మీ సంఘములో పేరులేక నిలిచియున్న ఒకరినైనను లేపి సాక్ష్యము చెప్పించుడి. తల్లులారా, మీ పిడికెడు బియ్యమును లెక్కించువాడు ఒకడున్నాడు. ఆయన పుస్తకములో మీ పేరు చిన్న అక్షరములతో లేదు.

ప్రార్థన: ప్రభువా, మేము చప్పట్లు కోరక నీ వరుసలో నిలుచునట్లు కృప దయచేయుము. బలవంతులకు వినయమును, బలహీనులకు ధైర్యమును ఇమ్ము. నీవు ఘనపరచువారిని మేము త్రోసివేయకుండ మా కన్నులు తెరువుము. యేసు నామమున వేడుచున్నాము. ఆమేన్.