ఘాటు తగ్గినచో గుణము తగ్గునా?

ఒక వస్తువు మంచిదా, చెడ్డదా యని తీర్పు చెప్పుటకు ముందు, అది యేమి కాదలచినదో తెలిసికొనుట న్యాయము. మల్లెపూవును చూచి తామరంత లేదే యని నిందించువానిని చూచి లోకము నవ్వును. అయినను బలము విషయమున మనలో అనేకులు ఈ న్యాయమును మరచుచుందురు. బలమెక్కువైనది గుణమెక్కువైనదని వారి లెక్క. ఈ లెక్క యెంతవరకు సరియైనదో పరీక్షించుటకు జర్మనీ దేశపు తేలిక లాగర్ బీరును ఉదాహరణముగా గైకొనుచున్నాను. ఎవరినైనను త్రాగుడని ప్రోత్సహించుట నా యుద్దేశము కాదని చదువరులు గ్రహింతురుగాక.

లాగర్ అను పేరు జర్మను భాషలో నిలువయుంచుట యను అర్థముగల మాటనుండి వచ్చినది. చల్లని నేలమాళిగలలో వారములకొలది, ఒక్కొక్కప్పుడు నెలలకొలది నిలువయుంచి పక్వము చేయుదురు గనుక ఆ పేరు కలిగినది. బవేరియాలో 1516లో వెలువడిన శాసనము బీరునకు బార్లీ, హాప్ పూలు, నీరు తప్ప అన్యము కూడదని విధించినది. జర్మనులు బీరును తరగతులుగా విభజించుటకు, పులియుటకు పూర్వము మొలక ధాన్యపు రసములో కరగియున్న సారమును కొలుతురు. సారము నూటికి 7 పాళ్లు మొదలు 11 లోపున్నది షాంక్‌బియర్. 11 మొదలు 16 లోపున్నది పూర్ణమైన బీరు. 16, ఆపైన ఉన్నది ఘనమైన బీరు. మ్యూనిక్ నగరమున స్పాటెన్ వారు 1894లో ప్రవేశపెట్టిన హెల్లెస్ అను లేతబంగారు వన్నె లాగర్ పూర్ణమైన తరగతిలోనిది. అట్టివానిలో ఆల్కహాలు సాధారణముగా నూటికి 5 పాళ్ల సమీపమున నుండును. తేలిక బీరులో అది ఇంచుమించు 3 పాళ్లు.

మా కుమార్తె కాపురముండు మ్యూనిక్‌లో కొన్ని వారములు గడపినప్పుడు, మా అల్లుడుగారు ఈ రెండింటిని చిన్న గ్లాసులలో పోసి నా యెదుట నుంచిరి. పూర్ణమైనదాని వెనువెంటనే పుచ్చుకొనగా తేలికది నీళ్లవలె తోచినది. మరునాడు దానినొక్కదానినే, మరీ మంచుచల్లన గాక 7, 8 డిగ్రీల చల్లదనమున రుచిచూచితిని. అప్పుడు రొట్టె పొరను పోలిన ధాన్యపు వాసన, పచ్చిగడ్డిని తలపించు హాప్ పరిమళము, చివర సన్నని చేదు వేరువేరుగా తెలియవచ్చినవి. రాత్రికి రాత్రి బీరు మారలేదు. దాని ప్రక్కనున్న కొలబద్ద తొలగినది, అంతియే.

వేరొక సంగతియు గమనింపదగినది. ఆల్కహాలు పానీయమునకు నిండుదనమును, కొంత తియ్యదనమును ఇచ్చును. ఆ నిండుదనము చాటున చిన్న చిన్న లోపములు దాగియుండును. తేలికదానికి ఆ చాటు లేదు. రసమును చాలినంత మరిగింపనియెడల ఉడికిన మొక్కజొన్న వాసన వచ్చును. నిలువ చాలకున్న వెన్న వాసన మిగులును. చేదు కొంచెము హెచ్చినను నాలుకకు గ్రుచ్చుకొనును. కావున దానిని చక్కగా చేయుటకు నేర్పు తక్కువ యక్కరలేదు సరిగదా, ఎక్కువయే కావలెను.

ఇచ్చట తీర్పరి చేయు అన్యాయములు రెండు. పూర్ణమైనదానితో పోల్చి తేలికదానిని తిరస్కరించుట మొదటిది. "తేలికది గదా, ఈ మాత్రము చాలును" అని దాని లోపములను మన్నించుట రెండవది. మొదటిది బయటపడిన తిరస్కారము. రెండవది దయ ముసుగు వేసికొన్న తిరస్కారము. పరరాష్ట్రములలో తరతరాలుగా స్థిరపడిన మనకు ఈ రెండును పరిచితములే. కోస్తానుండి వచ్చిన చుట్టము మన యింటి తెలుగును విని, కన్నడమో తమిళమో కలిసిన పలుచని తెలుగని నవ్వును. మనమేమో మన సభలలో పిల్లలు పద్యమును తప్పుగా చదివినను, ఇచ్చట పుట్టినవారికి ఇంతకంటె ఏమి వచ్చునని చప్పట్లు కొట్టుదుము. చుట్టము మన భాషకు తనదికాని కొలత పెట్టినాడు. మనము పిల్లలకు అసలు కొలతయే లేకుండ చేసితిమి. ఇందులో ఏది ఎక్కువ హాని చేయునో పెద్దలు ఆలోచింపవలెను.

మత్తుపదార్థమునకు గుణమేమి, దోషమేమి యని కొందరు ఆక్షేపింపవచ్చును. మన రాజ్యాంగపు 47వ అధికరణము సైతము మద్యనిషేధమునకు ప్రయత్నింపుమని రాజ్యమును ఆదేశించుచున్నది. నియమముచే ముట్టనివారి మాటకు నేను ఎదురాడను. అయితే గుణము ఒక ఖాతా, హితము వేరొక ఖాతా. ఒకదానిలోని జమను రెండవదానికి మార్చి చూపుట గుమాస్తా చేయదగిన పని కాదు. అరలీటరు పూర్ణమైన బీరులో, నూటికి 5 పాళ్ల వంతున, 25 మిల్లీలీటర్ల ఆల్కహాలు ఉండును. అరలీటరు తేలిక బీరులో, 3 పాళ్ల వంతున, 15 మాత్రమే. కాని తేలికదే గదా యని రెండవ అరలీటరు పుచ్చుకొన్నవాడు 30 మిల్లీలీటర్లు త్రాగినవాడగును. సీసాపై వ్రాసిన అంకె అబద్ధమాడలేదు. "తేలిక" యను మాటను అనుమతిపత్రముగా చదివికొన్న మనసు అబద్ధమాడినది.

కాబట్టి నాకు తోచిన నిర్ణయమిది. తక్కువ ఘాటు తనంతట లోపము కాదు, గుణమును కాదు. అది ఒక పరిమితి మాత్రమే. ఆ పరిమితిలో చేయదగినదంతయు చేసినదా యని వస్తువును అడుగవలెను. ఆ పరిమితిని సాకుగా వాడుకొనుచున్నామా యని మనలను మనము అడుగవలెను. మొదటి ప్రశ్న వేయుటకు నాలుక చాలును. రెండవదానికి మనస్సాక్షి కావలెను.