నవ్వులో వాటా

నవ్వు నాలుగు విధాల చేటు అన్నారు మన పెద్దలు. నవ్వినవాళ్ళకు చేటా, నవ్వులపాలైనవాళ్ళకు చేటా అన్నది మాత్రం విడమరిచి చెప్పలేదు.

'సింప్సన్స్' అనే అమెరికన్ కార్టూన్ సీరియల్ ఉంది. మీరు చూడకపోయినా మీ పిల్లలు చూసే ఉంటారు. 1989 డిసెంబరులో మొదలై ఇప్పటికీ నడుస్తున్న ఒక సంసారం కథ. తిండిపోతు తండ్రి హోమర్, ఓర్పుగల తల్లి మార్జ్, అల్లరి కొడుకు, చదువుల సరస్వతి లాంటి కూతురు లీసా, ఒక చంటిపిల్ల. ఇన్నేళ్ళయినా ఎవరికీ వయసు పెరగదు. మనకూ ఆ వరం ఉంటే ఎంత బాగుండును!

2018 ఏప్రిల్ 8న ప్రసారమైన భాగంలో, మార్జ్ తను చిన్నతనంలో ప్రాణంగా చూసుకున్న పుస్తకాన్ని లీసాకి చదివి వినిపించబోతుంది. తీరా తెరిస్తే అందులో పరాయి జాతులవాళ్ళ మీద వెక్కిరింతలు! తల్లి మనసు చివుక్కుమంటుంది. రాత్రి కూర్చుని ముళ్ళన్నీ ఏరేసి కథ తిరగరాస్తుంది. వింటే ఉప్పులేని పప్పులా ఉంటుంది. మరేం చెయ్యమంటావే అని కూతుర్నే అడుగుతుంది. ఒకప్పుడు అందరూ మెచ్చుకున్నదే ఇప్పుడు తప్పయిపోయింది, ఏం చేస్తాం అన్న ధోరణిలో లీసా మన వైపు తిరిగి బదులు చెబుతుంది. మంచం పక్కన 'అపు' బొమ్మ ఉంటుంది.

ఈ అపు ఎవరంటారా? 1990లోనే ఆ సీరియల్లో అడుగుపెట్టిన భారతీయుడు, కిరాణా కొట్టు నడుపుతాడు. పేరు సత్యజిత్ రాయ్ సినిమాల్లోని అపూది. గొంతు మాత్రం హాంక్ అజారియా అనే తెల్లనటుడిది. ఆ గొంతు మన ఇంగ్లీషు యాసను సాగదీసి పలుకుతుంటే దేశమంతా నవ్వింది.

న్యూయార్క్‌లో తెలుగు తల్లిదండ్రులకు పుట్టిన హరి కొండబోలు అనే హాస్యనటుడు 2017లో ఈ అపు మీద ఒక డాక్యుమెంటరీ తీశాడు. అతను ఆ సీరియల్ని ఇష్టంగా చూస్తూ పెరిగినవాడే. ఆ యాసతోనే తోటివాళ్ళు మన పిల్లల్ని ఏడిపించిన సంగతి అందులో చెప్పాడు. దానికి సీరియల్‌వాళ్ళు ఇచ్చుకున్న జవాబే లీసా నోట పలికించిన ఆ మాటలు. ఎప్పుడూ బలహీనుల పక్షాన మాట్లాడే పిల్ల చేత అనిపించారు చూడండీ, అదీ బాధ!

"అందులో అందరూ నవ్వులాట మనుషులే కదా, హోమర్‌ని మించిన వెర్రిబాగులవాడెవడు?" అనేవాళ్ళున్నారు. న్యాయమైన ప్రశ్నే. కాని టీవీ తిప్పితే హోమర్ కాక ఇంకా వెయ్యిమంది అమెరికన్లు కనిపిస్తారు, డాక్టర్లూ, లాయర్లూ, ప్రేమికులూ. అపు చాలా ఏళ్ళు ఇంచుమించు ఒక్కడే. డాక్టరేటు చేసినవాడే అయినా చూసినవాళ్ళకి గుర్తుండిపోయింది యాసే. ఉన్న ఒక్కణ్ణీ చూసి నవ్వితే ఆ నవ్వు జాతి మొత్తానికీ తగులుతుంది.

అజారియాకి ఈ సంగతి ఎలా తెలిసొచ్చిందో అతనే చెప్పుకున్నాడు. తన కొడుకు చదివే బళ్ళో పదిహేడేళ్ళ భారతీయ కుర్రాడు ఒకడు కలిశాడట. ఆ సీరియల్ ఎన్నడూ చూడలేదుట ఆ పిల్లవాడు. అయినా అపు అంటే ఏమిటో తెలుసు, తనని అనే తిట్టుగా తెలుసు. 2020లో అజారియా ఆ పాత్రకి గొంతివ్వడం మానేశాడు, మరుసటి ఏడు క్షమాపణ చెప్పుకున్నాడు.

ఇదంతా వింటే మనకు రోషం వస్తుంది. రావాల్సిందే. అదే రోషంతో ఒక్కసారి మన సినిమాల వైపు కూడా చూడాలి కదండీ! కాబోయే మామగార్ని బోల్తా కొట్టించడానికి మన హీరో వేసే వేషం ఏమిటి? కోయదొర! నెత్తిన ఈకలు, మెళ్ళో పూసలు, ఏ కొండమీదా ఎవరూ మాట్లాడని వంకర తెలుగు. హాలంతా ఘొల్లుమంటుంది. మన సినిమాల్లో కొండ మనిషి పంతులమ్మగానో, పిల్ల చదువు కోసం దిగులుపడే తల్లిగానో ఎన్నిసార్లు కనిపించింది? వేళ్ళమీద లెక్కపెట్టండి.

ఆ వేషాన్నే మనసులో పెట్టుకుని అరకులోయకు వెళతారు చాలామంది. కోయవాళ్ళు ఎక్కువగా ఉండేది గోదావరి మన్యంలో. అరకు చుట్టుపక్కల ఉండేది బగతలు, కొండదొరలు, పోర్జలు, గదబలు, కోటియాలు. ఇళ్ళల్లో ఆదివాసీ ఒడియా మాట్లాడుకునేవాళ్ళున్నారు, కువి మాట్లాడుకునేవాళ్ళున్నారు. కాఫీ తోటలు పెంచుకుంటారు, సంతకెళతారు, పిల్లల్ని హాస్టళ్ళలో ఉంచి చదివించుకుంటారు. మనకు మాత్రం అందరూ కలిపి ఒక్క 'కోయదొర'!

ఆమధ్య అక్కడ ఒక విడిదిలో రాత్రిపూట చలిమంట దగ్గర ధింసా ఆడుతుంటే చూశాను. ఆడవాళ్ళు ఒకరి నడుం చుట్టూ ఒకరు చేతులు వేసుకుని, డప్పుకీ తుడుముకీ అడుగు కలిపి, పాములా మెలికలు తిరుగుతారు. పట్నం నుంచి వచ్చిన ఒకావిడ ఫోటో కోసం వరసలో దూరి, నోటితో ఏవో వింత కూతలు కూస్తూ గెంతింది. ఆవిడ తాలూకువాళ్ళు పడీ పడీ నవ్వారు. ఆటకత్తెల్లో పెద్దామె పక్కనామెతో తమ భాషలో ఏదో అంది. ఈసారి వరసంతా నవ్వింది.

"ఏమందమ్మా?" అని ఈవిడ అడిగింది.

"ఏటీ లేదమ్మగారూ. మా ఊళ్ళో పసిపిల్లలకైనా ఈ అడుగు పడతాది అంటంది" అంది కుర్రపిల్ల ఒకతి.

ఒక్క క్షణం ఆవిడ ముఖం మాడిపోయింది. మన యాసని చూసి లోకం నవ్వినప్పుడు మన పిల్లలకి కలిగింది సరిగ్గా అదే. కాని చిత్రం చూడండి, ఆ తర్వాత ఆవిడ కూతలు మానేసింది. "ఏదీ, మళ్ళీ చూపించు" అంది. పెద్దామె నడుం పట్టుకుని, కళ్ళు కాళ్ళమీద పెట్టి నేర్చుకుంది. మళ్ళీ తప్పింది. ఈసారి ఇద్దరూ కలిసే నవ్వారు.

కథని ఉన్నదున్నట్టు చదవనా, ముళ్ళేరి చదవనా అని మార్జ్ సతమతమైంది. ఉన్నది ఉన్నట్టే చదవొచ్చు. అయితే చదివి ఆగాలి. ఇందులో నవ్వులపాలైన మనిషి మన పక్కనే కూర్చుని వింటుంటే ఏమనేవాడో పిల్లల్ని అడగాలి. అంతటితో సరిపోదు, ఆ మనిషి చెప్పే కథ కూడా వెతికి తెచ్చి చదవాలి. ఎదుటివాడికి తిరిగి నవ్వే వీలున్నప్పుడే కదా, నవ్వులో అతనికీ వాటా ఉందనగలం!

రేపో మాపో మీ ఇంట్లో టీవీలో కోయదొర వేషం రాకమానదు. "వాళ్ళు నిజంగా ఇలాగే మాట్లాడతారా అమ్మా?" అని మీ వాడు అడక్కా మానడు. జవాబు సిద్ధంగా ఉంచుకోండి.