కంది వేరు క్రింద

ధ్యానభాగము: లూకా 13:6-9



ఈ ఉపమానములో యజమానుడు మూడేండ్లు పండ్లు వెదకి వేసారి, అంజూరపు చెట్టును నరికివేయుమనుచున్నాడు. తోటమాలి ఇంకొక్క యేడు గడువు వేడుకొనుచున్నాడు. ఆ యేడాదిలో అతడు చేయ దలచిన పని యేమి? కొమ్మను గూర్చి గాని ఆకును గూర్చి గాని ఒక్క మాట చెప్పడు. చుట్టు త్రవ్వి ఎరువు వేయుదుననును. అతని చూపంతయు నేల మీదనే. ఎన్ని మారులు ఈ భాగము చదివినను నేనీ సంగతి గమనింపనైతిని.

మన బేగంబజారులో బస్తాల మధ్య బ్రదుకువారమే అందరము. కందిపప్పు చూచిన ధర యెంతయని అడుగుదుము గాని, అది యే మన్ను తిని పెరిగినదని అడుగము. ఇక్కడికి సుమారు 30 కిలోమీటర్ల దూరమున, పటాన్‌చెరువులో, 1972లో స్థాపింపబడిన ఇక్రిశాట్ పరిశోధనాసంస్థ యున్నది. మన ఎఱ్ఱ చల్క నేలలలో భాస్వరము తక్కువ. ఉన్న దానిలోను చాలభాగము ఇనుముతో పెనవేసికొని యుండుటచే మొక్కకు అందదు. అట్టి నేలలోను కంది నిలిచి కాయుచున్నది. ఎట్లు? నోరిహారు ఏ అను జపాను శాస్త్రజ్ఞుడును ఆయన తోడివారును అక్కడ పరిశోధించి 1990లో ప్రకటించిరి: కంది వేరు పిసిడిక్ ఆమ్లము వంటి వానిని స్రవించును, ఆ ఆమ్లము ఇనుమును పట్టుకొనగా, చెరలోనున్న భాస్వరము విడుదల యగును. జొన్నలో కంది సాళ్లు వేసిన మన పెద్దలకు ఈ ఆమ్లము పేరు తెలియదు. సాళ్లు మాత్రము తప్పక వేసిరి.

ఇంకను చూడుడి. కంది వేళ్లకు చిన్న బుడిపెలుండును. పచ్చి బుడిపెను గోటితో చీల్చిన లోపల ఎఱ్ఱగా నుండును. మన రక్తమునకు ఎఱుపునిచ్చు పదార్థమునకు అది దగ్గర చుట్టమే. అందు కాపురమున్నది రైజోబియం అను సూక్ష్మజీవి. గాలిలో 78 శాతము నత్రజని యున్నను మొక్క దానిని నేరుగా తినలేదు. ఈ జీవి దానిని మార్చి పెట్టును. బదులుగా, ఆకు ఎండలో వండిన చక్కెరలో పాలు పొందును. అయితే దానికిని ఇనుము, మాలిబ్డినం కావలెను. అవి లేనిచో నత్రజనిని పట్టు పనిముట్టే తయారు కాదు. కోబాల్టు సయితము కావలెను. ఎంత కొంచెమో చెప్పిన మీరు నవ్వుదురు. మరియొక ప్రక్క, వేరు దూరలేని సందులలోనికి శిలీంధ్రపు దారములు పోయి భాస్వరము, జింకు మోసికొని వచ్చును. ఎవరు యజమానుడు, ఎవరు కూలివాడు? బలహీనమని మనము తలచు అవయవము అవసరమైనదని పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 12వ అధ్యాయమును ఈ బుడిపె ప్రక్కన పెట్టి చదువుడి.

ఇక నా సంగతి. మా పెరటిలో పీపాలో ఒక జామమొక్క యుండెను. యూరియాలో 46 శాతము నత్రజని యని చదివి, చిటికెడు వేయవలసిన చోట గుప్పెడు, అదియు రెండు మారులు వేసితిని. (ఎరువుల బస్తాను నేను నిందించుటలేదు. దేశము ఆకలిగొన్న దినములలో అది అన్నము పెట్టినది. మితము తప్పినది నా చెయ్యి.) వారములోపల ఆకుల అంచులు మాడెను. పీకి పారవేయబోవుచుండగా, మన సంఘములోని ఒక ముసలితల్లి, మెదక్ ప్రాంతపు పల్లెనుండి వచ్చినామె, గేటువద్ద నిలిచి ఇట్లనెను: "అయ్యగారూ, పీకకుండ్రి. మన్ను కాలింది గని చెట్టు సావలే. నీళ్లు మస్తుగ పోసి కడుగుండ్రి. ఎండుటాకులు, పేడ ఏసి ఒక్క వానకాలం సూడుండ్రి."

నేను సిగ్గుతో నిలిచిపోతిని. ఆమెకు చదువు రాదు. నేను బోధించిన తోటమాలి మాట ఆమె నోట వచ్చినది. సిగ్గుకు వేరొక కారణము గలదు. అంతకు రెండు నెలల ముందే, మూడేండ్లుగా చందా రాలేదని, ఆమె పేరు పట్టీనుండి కొట్టివేయవలెనని కమిటీలో ప్రతిపాదించినవాడను నేనే. మనవారెవరు ఉస్మానియా దవాఖానలో పడియున్నను గిన్నెలో గంజి పట్టుకొని అఫ్జల్‌గంజ్ దాక నడచి పోవునది ఆమెయే. ఆ గంజికి పట్టీలో గడి లేదు.

అంజూరపు చెట్టు మరుసటి యేడు ఫలించెనో లేదో లూకా చెప్పలేదు. మా జామ వానకాలము దాటి క్రొత్త చివుళ్లు వేసినది. కాయ ఇంకను లేదు. గడచిన నెల కమిటీలో నా తప్పు ఒప్పుకొని ఆమె పేరు తిరిగి వ్రాయించితిని. కొట్టివేసిన సంగతియే ఆమెకు తెలియదు. నిన్న వచ్చి, పీపాలో కంది గింజలు నాలుగు గ్రుచ్చిపోయినది.