వడ్డీ వద్దన్నాం, మరి అప్పు ఎవరిస్తారు? డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లాహ్ (రహ్మ) చూపిన దారి



వానలు మొదలయ్యే రోజుల్లో మన చిట్యాల ప్రాంతంలో ఒక మాట తరచుగా వినిపిస్తుంది: "మిత్తికి తెచ్చిన." పత్తి విత్తనాలకు, ఎరువుకు, మిర్చి నారుకు, పిల్లల ఫీజుకు, ఆస్పత్రికి. ఇది రైతుల మాట మాత్రమే కాదు. పండ్ల బండి నడిపే సోదరునిదీ, కుట్టుమిషను మీద ఇల్లు నెట్టుకొస్తున్న సోదరిదీ అదే మాట. నూటికి మూడు రూపాయల మిత్తి అంటే వినడానికి చిన్నగానే ఉంటుంది. కాని లక్ష తెచ్చినవాడు నెలకు మూడు వేలు కట్టాలి. రెండేళ్ళ పది నెలలు గడిచేసరికి అతను లక్షా రెండు వేలు కట్టి ఉంటాడు. అసలు లక్ష మాత్రం అలాగే నిలిచి ఉంటుంది. గిరిగిరి లెక్క ఇంకా ఘోరం. కాగితం మీద పదివేలు రాసుకుని చేతిలో ఎనిమిదివేల అయిదు వందలు పెడతారు. రోజుకు వంద చొప్పున వంద రోజులు వసూలు చేస్తారు. అసలు రోజురోజుకూ తీరిపోతూనే ఉంటుంది కనుక, సరిగా లెక్కగడితే ఈ వడ్డీ ఏడాదికి నూటికి నూరు దాటిపోతుంది.

వడ్డీ హరామ్ అని మనకు తెలియక కాదు. వడ్డీ తినేవాడినీ, తినిపించేవాడినీ, పత్రం రాసేవాడినీ, సాక్షులనూ దైవప్రవక్త (స) శపించారని ప్రసంగాల్లో ఎన్నోసార్లు విన్నాం. కాని ఒక సంగతి ఒప్పుకోవాలి. అలాంటి ప్రసంగం విన్న ఒక సోదరుడు మర్నాడు మన దగ్గరికే వచ్చి, ఇంట్లో కాన్పు ఉంది, పదివేలు సర్దండి అని అడిగాడు. మనం సహనం వహించమన్నాం. దుఆ చేస్తామన్నాం. ఆ సాయంత్రమే అతను గిరిగిరి వాడి గుమ్మం తొక్కాడు. పాపం అతనిదేలే అనుకుని మనం నిశ్చింతగా పడుకున్నాం.

నిజంగా అది అతని ఒక్కడి పాపమేనా? ఈ ప్రశ్నను జీవితాంతం పట్టుకున్న ఒక పండితుడు మన హైదరాబాదులోనే పుట్టారు. ఆయనే డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లాహ్ (రహ్మ). 1908లో ఒక పండిత కుటుంబంలో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి, 1933లో జర్మనీలోని బాన్ నుంచీ, 1935లో పారిస్ నుంచీ డాక్టరేట్లు పొందారు. తిరిగివచ్చి ఉస్మానియాలోనే పాఠాలు చెప్పారు. 1948 తరువాత పారిస్‌లో ఉండిపోయి, దశాబ్దాల పాటు ఏ దేశ పౌరసత్వమూ లేకుండానే బతికారు. ఫ్రెంచ్ భాషలో ఆయన చేసిన దివ్యఖుర్ఆన్ అనువాదమూ, రెండు సంపుటాల ప్రవక్త జీవిత చరిత్రా 1959లో వెలువడ్డాయి. పెళ్ళి చేసుకోలేదు. లిఫ్టు లేని పాత భవనంలో పై అంతస్తులో ఒక చిన్న ఇల్లు, దాని నిండా పుస్తకాలు. 1985లో పాకిస్తాన్ ప్రభుత్వం పురస్కారమిస్తే, దాంతో వచ్చిన నగదును ఇస్లామాబాద్‌లోని ఇస్లామీ పరిశోధనా సంస్థకు ఇచ్చేశారు. 2002 డిసెంబర్ 17న అమెరికాలో పరమపదించారు. అల్లాహ్ ఆయన్ను కరుణించుగాక!

నిజానికి ఆయన ఆర్థికశాస్త్ర పట్టభద్రుడు కాదు, న్యాయశాస్త్ర పండితుడు. బహుశా అందుకే ఆయన చూపు సిద్ధాంతం దగ్గర ఆగిపోకుండా, పని జరగాలంటే ఏ ఏర్పాటు కావాలన్న దాని మీద నిలిచింది. 1936లో హైదరాబాదు నుంచి వెలువడే 'ఇస్లామిక్ కల్చర్' పత్రికలో, మౌలిక ఆర్థిక సమస్యలకు ఇస్లాం చూపే పరిష్కారం గురించీ, శ్రామికుని స్థానం గురించీ ఆయన ఒక వ్యాసం రాశారు. ఇస్లామీ ఆర్థిక విధానం అన్న మాటను నేటి అర్థంలో మొదట వాడింది ఆయనేనని పలువురు పరిశోధకులు చెబుతారు.

ఆయన రచనల్లో మళ్ళీ మళ్ళీ కనిపించే వాదన ఒకటుంది. వడ్డీని నిషేధించినంత మాత్రాన వడ్డీ పోదు. మనిషికి అవసరం పడుతుంది, అవసరం పడినవాడు ఎక్కడో ఒకచోట అడుగుతాడు. కాబట్టి నిషేధించిన ధర్మమే వడ్డీలేని అప్పుకు ఏర్పాటు కూడా చేసింది. అత్తౌబా సూరా 60వ ఆయతులో జకాత్ ఖర్చు చేయవలసిన ఎనిమిది పద్దులున్నాయి కదా, వాటిలో ఒకటి అప్పుల్లో కూరుకుపోయినవారిది. ఆ పద్దును హమీదుల్లాహ్ గారు చాలా విశాలంగా చూశారు. హజ్రత్ ఉమర్ (రజి) కాలంలో బైతుల్ మాల్ నుంచి ప్రజలకు వడ్డీలేని అప్పులు ఇచ్చేవారని గుర్తుచేశారు. మదీనా ఒప్పందాన్ని లోకంలోనే మొదటి లిఖిత రాజ్యాంగంగా చూపించిన ఈ పండితుడు, అందులోని మరో ఏర్పాటును కూడా బయటికి తీశారు. ఖైదీని విడిపించే సొమ్మో, రక్తపరిహారమో ఒక్కని తాహతుకు మించితే అతని తెగవారంతా కలిసి భరించాలి. ఒక్కడి మీద పడిన బరువును పదిమందీ పంచుకోవడమే అసలైన బీమా అని ఆయన భావం.

ఇదంతా మదీనాలో జరిగింది, మనవల్ల ఎక్కడవుతుంది అంటారా? దానికి కూడా ఆయన దగ్గర జవాబుంది. ఇస్లామీ ఆర్థిక ఆలోచనకూ, ఆచరణకూ హైదరాబాదు ఏమిచ్చిందో వివరిస్తూ 1955లో ఆయన ఒక వ్యాసం ప్రచురించారు. హైదరాబాదులో వెలసిన వడ్డీలేని అప్పుల సంఘాల సంగతి అందులో ఉంది. వాటిని నడిపింది నవాబులు కారు. సామాన్య జీతగాళ్ళు నెలనెలా కొద్దికొద్దిగా జమ చేసుకుని, అవసరమైనవారికి వడ్డీ లేకుండా ఇచ్చుకుని, వాయిదాల్లో తిరిగి రాబట్టుకున్నారు. ఖలీఫా లేడు, బ్యాంకు లేదు. ఉన్నది ఒక రిజిస్టరు, కొందరి అమానతు.

ఆ రోజుల్లో ఉస్మానియాలో ఈ చర్చ బాగా సాగింది. అక్కడ ఆర్థికశాస్త్రం బోధించిన అన్వర్ ఇఖ్బాల్ ఖురేషీ గారు 1946లో వడ్డీ సిద్ధాంతం మీద ఒక గ్రంథం వెలువరించారు. మౌలానా మనాజిర్ అహ్సన్ గీలానీ గారు ఉర్దూలో 'ఇస్లామీ మఆషియాత్' రాశారు. తరువాతి తరంలో అలీగఢ్, జిద్దా విశ్వవిద్యాలయాల్లో బోధించిన డాక్టర్ నజాతుల్లాహ్ సిద్దీఖీ గారు లాభనష్టాల భాగస్వామ్యంతో బ్యాంకు ఎలా నడపవచ్చో వివరంగా రాసి, 1982లో ఫైసల్ పురస్కారం అందుకున్నారు. 2022లో కన్నుమూసేదాకా ఆయన సూటిగానే మాట్లాడారు. కొన్ని బ్యాంకులు పేరు మార్చి పాత అప్పులనే అమ్ముతున్నాయని ఆయనే విమర్శించారు.

మన దేశంలో 2008లో రఘురామ్ రాజన్ కమిటీ వడ్డీలేని బ్యాంకింగ్‌ను సిఫారసు చేసింది. 2017లో రిజర్వు బ్యాంకు ఆ ప్రతిపాదనను ముందుకు తీసుకుపోరాదని నిర్ణయించింది. కాబట్టి బ్యాంకు వస్తుందని ఎదురుచూస్తూ కూర్చోలేం. మరోవైపు 2018, 2019 సంవత్సరాల్లో హైదరాబాదు, బెంగళూరు కేంద్రాలుగా నడిచిన సంస్థలు హలాల్ లాభం పేరు చెప్పి వేలాది కుటుంబాల సొమ్మును ముంచిన సంగతి మరువరాదు. ఒక గుర్తు చెబుతాం. నెలకు ఇంత శాతం తప్పకుండా ఇస్తామని ఎవరైనా ముందే మాట ఇస్తే, బోర్డు మీద ఏ పేరున్నా దగ్గరికి పోకండి. వ్యాపారంలో లాభమొస్తుందో నష్టమొస్తుందో ముందుగా తెలిసేది అల్లాహ్‌కే. ఖర్జె హసనలో అయితే లాభమన్న మాటే లేదు. ఇచ్చిందే తిరిగి వస్తుంది, పుణ్యం అల్లాహ్ దగ్గర.

ఇక మన ఊరి లెక్క చూద్దాం. నలభై ఇళ్ళు నెలకు రెండు వందలు జమ చేస్తే ఎనిమిది వేలు. ఏడాదికి తొంభై ఆరు వేలు. పదివేల చొప్పున తొమ్మిది ఇళ్ళకు ఇచ్చినా ఇంకా ఆరువేలు మిగులుతాయి. తీసుకున్నవారు నెలకు వెయ్యి చొప్పున కడుతూ ఉంటే అదే సొమ్ము మరొకరికి అందుతుంది. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. జకాత్ సొమ్ము జకాత్ హక్కుదారులది. దాన్ని ఈ పొదుపులో కలిపేయకూడదు, దాని లెక్క వేరుగానే ఉండాలి.

అప్పు రాసుకోవడాన్ని కొందరు అవమానంగా భావిస్తారు. మనవాడే కదా, రాతలెందుకు అంటారు. దివ్యఖుర్ఆన్‌లో అన్నింటికంటే పొడవైన ఆయతు (2:282) అప్పును రాసుకోవడం గురించే అవతరించిందని వారికి గుర్తు చేయాలి. అప్పు ఎంత, గడువెప్పుడు, సాక్షులెవరు అన్నీ రాయాలి. నిజంగా ఇబ్బందిలో ఉన్నవానికి గడువు పొడిగించాలి. ఉండి కూడా ఎగ్గొట్టేవాడిని మాత్రం జమాత్ నిలదీయాలి. అప్పు తీర్చకుండా మరణించిన వ్యక్తి జనాజా నమాజు చేయించడానికి దైవప్రవక్త (స) వెనుకాడగా, హజ్రత్ అబూ ఖతాదా (రజి) ఆ అప్పు నాది అని ముందుకొచ్చిన సంఘటన ఇచ్చినవారికీ, తీసుకున్నవారికీ కూడా వర్తిస్తుంది.

మన ఇళ్ళలో డ్వాక్రా లెక్కలు చూస్తున్నది స్త్రీలే కనుక ఈ రిజిస్టరు కూడా వారి చేతిలో ఉంటేనే బాగుంటుందని మా అభిప్రాయం. మగవారు నొచ్చుకోవద్దు. రిజిస్టరుకూ, రసీదు పుస్తకాలకూ కొద్దిపాటి ఖర్చవుతుంది. అప్పు మొత్తాన్ని బట్టి ఇంత శాతమని వసూలు చేస్తే అది వడ్డీ వైపే జారుతుంది. అందుకే దాన్ని అప్పుతో ముడిపెట్టకుండా విడిగా భరించాలి. ఈ ఏడాది ఆ ఖర్చు ఎవరు పెట్టుకుంటారో వచ్చే జుమా నమాజు తరువాత కూర్చుని మాట్లాడుకుందాం.