పరుగెత్తువాని గడియ ఎవరిది?



పరుగెత్తువాని కాళ్లు అతనివే. అయితే అతడు పరుగెత్తు గడియ ఎవరిది? గుంటూరు, ప్రకాశము ప్రాంతపు నల్లరేగడి గ్రామములలో తెల్లవారకమునుపే రోడ్డువెంట పరుగెత్తు యౌవనస్థులను మీరు చూచుచునే యున్నారు. కొందరు ఆరోగ్యము కొరకును, కొందరు పందెముల కొరకును పరుగెత్తుదురు. అనేకులు పోలీసు కానిస్టేబులు ఉద్యోగము కొరకు పరుగెత్తుదురు. వారిలో పెండ్లియైనవారును, బిడ్డలు గలవారును ఉన్నారు. కావున ఈ ప్రశ్న మన యిండ్లకు సంబంధించినది.

ఈ పరుగు ఎంతకాలము సాగునో ఆలోచించుడి. 2022 నవంబరులో మన రాష్ట్రమున 6,100 కానిస్టేబులు ఉద్యోగములకు ప్రకటన వెలువడెను. 2023 జనవరిలో మొదటి వ్రాతపరీక్ష జరిగెను. పరుగుపరీక్ష మాత్రము 2024 డిసెంబరు చివరివరకు మొదలు కాలేదు. 1600 మీటర్లను పురుషులు 8 నిమిషములలోను, స్త్రీలు 10 నిమిషముల 30 సెకండ్లలోను ముగింపవలెను. ఆ కొద్ది నిమిషముల కొరకు రెండేండ్లకు పైగా కాళ్లను సిద్ధముగా ఉంచుకొనవలసి వచ్చెను. దినమునకు ఒక గంట చొప్పున లెక్కించినను 750 గంటలగును. దానిని ఎనిమిది గంటల పనిదినములుగా మార్చిన యెడల తొంబదికి మించును. అనగా ఇంటిలో ఒక మనిషి మూడు నెలలు పనికి రానట్లే.

ఆ మూడు నెలల పని ఎవరు చేసిరి? పత్తితీత అక్టోబరు మొదలు సాగును. అది ముగియకమునుపే మిరపకోతలు వచ్చి ఏప్రిల్ వరకు నడచును. పండిన కాయ మన వీలు కొరకు ఆగదు. కోసిన కాయను కల్లములో ఆరబోయవలెను, రాత్రి మంచుకు తడియకుండ పట్టాలు కప్పవలెను, తెల్లవారిన తరువాత వాటిని తీయవలెను, తాలుకాయను ఏరవలెను. కుమారుడు రోడ్డుమీద నున్న వేళ ఆ పట్టా తీయుచున్నది తల్లి. నీళ్లు మోసి, పొయ్యి ముట్టించి, ఏడ్చు బిడ్డను చంకనెత్తుకొన్నది భార్య. కాబట్టి పరుగెత్తువాని గడియ ఇంటివారి చేతులలోనుండి వచ్చినదే. వారు సంతోషముతో ఇచ్చిరా, లేక అతడు అడుగకయే తీసికొనెనా? మనము పరిశోధించుకొనవలసిన సంగతి ఇదియే.

కొందరు పెద్దలు, “ఈ పరుగులేమిటి? పొలమునకు పొమ్ము” అని గద్దింతురు. ఇది న్యాయమైన మాట కాదు. పౌలు భక్తుడు విశ్వాసి జీవితమును వివరించుటకు పందెపు పరుగునే ఉదాహరణముగా చూపెను. అది తుచ్ఛమైనదైన యెడల దానిని చూపియుండడు. వరంగల్ జిల్లా కల్లెడ గ్రామమునందు కూలిపని చేసి జీవించిన తల్లిదండ్రుల కుమార్తె దీప్తి జీవన్‌జి, 2024లో పారిస్ పారాలింపిక్సునందు 400 మీటర్లను 55.82 సెకండ్లలో పరుగెత్తి కాంస్య పతకము పొందెను. కూలివారి యింట పరుగుకు చోటెక్కడిదని ఆమెను ఆపియుండిన యెడల, దేశము ఆ బిడ్డను ఎరుగకయే పోయియుండును.

మరికొందరు, గెలువగోరువాడు ఇంటిని మరువవలెనందురు. ఇదియు సత్యము కాదు. 1948లో లండను ఒలింపిక్సునందు హాలెండు దేశస్థురాలైన ఫానీ బ్లాంకర్స్-కూన్ నాలుగు బంగారు పతకములు గెలిచెను. అప్పటికామె వయస్సు 30 ఏండ్లు. ఇద్దరు బిడ్డల తల్లి. ఇంట నుండి బిడ్డలను చూచుకొనవలసినదని ఆమెను నిందించినవారు లేకపోలేదు. ఆమె బిడ్డలను వెంటబెట్టుకొని సాధనకు పోయెడిది. ఆమె భర్తయే ఆమెకు పరుగు నేర్పిన శిక్షకుడు. ఆ పతకములలో ఇంటివారికిని పాలు కలదు.

స్కాట్లండువాడైన ఎరిక్ లిడెల్ సంగతి మన సంఘములలో కొందరెరుగుదురు. 1924 పారిస్ ఒలింపిక్సులో 100 మీటర్ల తొలి పరుగు ఆదివారమున పడినందున అతడు ఆ పందెమును విడిచెను. అయితే అతడు మైదానములో నిలిచి ఆ నిర్ణయము చేయలేదు. నెలల ముందుగనే నిశ్చయించుకొని, తోడివారికి తెలిపి, 400 మీటర్లకు సాధన చేసి, 47.6 సెకండ్లలో గెలిచెను. ఏ దినమున పరుగెత్తకూడదో ముందుగా తెలిసికొన్నవాడు తక్కిన దినములలో నెమ్మదిగల మనస్సుతో పరుగెత్తగలడు.

కావున పరుగెత్తు సహోదరుడా, మొదట అడుగుము. నీకు గంట కావలెనని, ఎన్ని నెలలు కావలెనని ఇంటివారితో కూర్చుండి చెప్పుము. రెండవది, పరుగెత్తని దినములను ముందే నిర్ణయించుము: మిరపకోతకు కూలీలు వచ్చు దినము, బిడ్డకు జ్వరము వచ్చిన దినము, వాన మబ్బు పట్టి కల్లములో కాయ యున్న దినము. మూడవది, తీసికొన్న గంటను మరల ఇమ్ము. ఉదయము ఆమె నీళ్లు మోసిన యెడల సాయంకాలము నీవు మోయుము. బలిసిన కాళ్లు బిందె మోయుటకు కూడ పనికివచ్చునుగదా.

ఇంటి పెద్దలారా, మీతోను ఒక మాట. కుమారుని పరుగుకు మీరు దారి విడిచితిరి. కోడలు కూడ చదివినది; ఆమెకును ఆ 10 నిమిషముల 30 సెకండ్ల పరీక్ష వ్రాసియున్నది. ఆమె వేకువను ఆమెకు ఎవరిచ్చిరి? అత్తగారు పొయ్యి దగ్గర, భర్త బిడ్డ దగ్గర నిలువని యింట కోడలికి పరుగు లేదు. కుమారునికి ధర్మమైనది కోడలికి అధర్మమగునా? మీ మనస్సాక్షినే అడుగుడి.

తుదకు ఒక కఠినమైన సంగతి. 6,100 ఉద్యోగముల కొరకు లక్షలమంది వ్రాసిరి. 2025 ఆగస్టులో ఫలితములు వచ్చినప్పుడు ఎక్కువమంది యింటనే మిగిలిరి. అట్టివాని చేతిలో ఏమి యున్నది? అడుగక తీసికొన్న గంటలైన యెడల అవి తల్లికిని భార్యకును పడిన బాకీ. ఆ బాకీ తలంపు ఓటమికంటె బరువుగా నుండును. ప్రేమతో ఇయ్యబడి, ప్రేమతో తిరిగి చెల్లింపబడిన గంటలైన యెడల ఓడినవాడు తలవంచుకొని గుమ్మము దాటనక్కరలేదు. ఇంటివారికి అతడు చెల్లింపవలసినదేదియు మిగిలియుండదు.

రేపు వేకువకు పోవువారు నేటి రాత్రి భోజనము వేళనే ఆ మాట అడుగుదురు గాక.