దాత లేని శాసనం: గ్రహశకలాల తవ్వకంలో హక్కు, సాహసం, ఫలం

ఎవరికీ చెందని చోట దొరికిన వస్తువు ఎవరిది? ఈ ప్రశ్న ధర్మశాస్త్రాలంత పాతది. గ్రహశకలాల్లోని నీటినీ, నికెల్, ప్లాటినం వంటి లోహాలనూ తవ్వి తీయాలన్న ప్రయత్నాల వల్ల అది నేడు మళ్లీ ముందుకు వచ్చింది. అంతరిక్షం చట్టం లేని చోటు కనుక ముందుగా చేరినవారే అంతా దోచుకుంటారన్న భయం ఒకవైపు ఉంది. ఆ స్వేచ్ఛ లేకపోతే ఎవరూ సాహసించరన్న వాదం మరొకవైపు ఉంది. అంతరిక్షంలో చట్టం లేదన్న భావనే ఈ రెండింటికీ పునాది. అసలు చిక్కు చట్టం లేకపోవడంలో లేదని, హక్కు ఇచ్చే అధికారం ఎవరిదో తేలకుండానే హక్కును ప్రకటించడంలో ఉందని చూపడం ఈ వ్యాసం ఉద్దేశం. ఇందుకు కావలసిన ఉపపత్తులు దూరదేశాల్లో వెదకనక్కరలేదు. తెలుగు దానశాసనాల పరిభాష, కర్నూలు, నంద్యాల సీమల వజ్రక్షేత్రాలు, గోస్పాడు పొలాలకు నీరిచ్చే కాలువ చరిత్ర ఈ చర్చకు చాలినంత ఆధారాన్ని ఇస్తాయి.

అంతరిక్షంలో ఉన్న చట్టం

1967 నాటి అంతరిక్ష ఒప్పందం చంద్రుడితో సహా ఏ ఖగోళ వస్తువునూ ఏ రాజ్యమూ తనదిగా చేసుకోరాదని నిషేధించింది. సార్వభౌమత్వాన్ని ప్రకటించి గాని, ఆక్రమించి గాని, వినియోగించి గాని, మరే విధంగా గాని సొంతం చేసుకోవడం చెల్లదు. అంతరిక్ష వినియోగం సకల దేశాల మేలు కోసం సాగాలన్నది అందులోని మొదటి అధికరణం. ప్రైవేటు సంస్థలు చేసే పనులకు కూడా ఆయా రాజ్యాలే బాధ్యత వహించాలని ఆరవ అధికరణం చెబుతుంది. భారతదేశం ఈ ఒప్పందంపై 1967లోనే సంతకం చేసి, 1982లో ధ్రువీకరించింది. ఖగోళ వస్తువుల వనరులు మానవజాతి ఉమ్మడి వారసత్వమని స్పష్టంగా ప్రకటించిన 1979 నాటి చంద్ర ఒప్పందంపై 1982లో సంతకం చేసింది గాని, నేటికీ ధ్రువీకరించలేదు. అమెరికా, రష్యా, చైనాలు ఆ ఒప్పందంలో చేరనేలేదు.

ఖగోళ వస్తువు ఎవరిదీ కాదని 1967 ఒప్పందం చెప్పింది. దాని నుంచి తీసిన పదార్థం ఎవరిదో చెప్పలేదు. 2015లో అమెరికా చేసిన చట్టం ఈ ఖాళీలోనే వెలసింది. గ్రహశకలం మీద సార్వభౌమత్వాన్ని కోరడం లేదంటూనే, తన పౌరులు తవ్వి తీసిన వనరును ఉంచుకోవడానికీ, సొంతం చేసుకోవడానికీ, రవాణా చేయడానికీ, వాడుకోవడానికీ, అమ్ముకోవడానికీ హక్కు ఇచ్చింది. 2017లో లక్సెంబర్గ్, 2021లో జపాన్ అదే బాట పట్టాయి. 2023 నాటి భారత అంతరిక్ష విధానం కూడా ప్రభుత్వేతర సంస్థలకు ఇవే హక్కులను దాదాపు ఇవే మాటల్లో చెప్పి, దేశం అంగీకరించిన అంతర్జాతీయ బాధ్యతలకు లోబడి అన్న నియమం జోడించింది. అదే ఏడాది జూన్‌లో భారతదేశం ఆర్టెమిస్ ఒడంబడికపై సంతకం చేసింది. కాబట్టి ఈ ప్రశ్న ఇక పరాయిదేశపు ప్రశ్న కాదు.

అష్టభోగాల పరిభాష

వస్తువు వేరు, దాని ఫలం వేరు అన్న విభజన తెలుగు శాసన పాఠకులకు కొత్తది కాదు. మధ్యయుగ దానశాసనాలు భూమిని ఇచ్చేటప్పుడు నిధి, నిక్షేప, జల, పాషాణ, అక్షీణి, ఆగామి, సిద్ధ, సాధ్యాలనే అష్టభోగాలతో ఇచ్చినట్లు పేర్కొంటాయి. నేలలోని నిధి, దాచిన సొమ్ము, నీరు, రాయి, తరగని ఆదాయం, రాబోయే ఫలం, ఇప్పటికే సిద్ధించినది, ఇకమీదట సాధించదగినది అన్నవి విడివిడి హక్కులని ఈ జాబితాయే చెబుతుంది. విజయనగర కాలపు తామ్రశాసనాలు ఆ భూమి దానానికీ, తాకట్టుకూ, విక్రయానికీ యోగ్యమైనదని కూడా చేర్చాయి. ఆధునిక చట్టం వాడిన సొంతం చేసుకోవడం, వాడుకోవడం, అమ్ముకోవడం అన్న క్రియలకు ఇవి ఎంతో దగ్గరివి.

ఈ పోలిక ఒక భేదాన్ని కూడా బయటపెడుతుంది. దానశాసనంలో దాత ఉంటాడు, ప్రతిగ్రహీత ఉంటాడు, ఎల్లలు ఉంటాయి, దానం ఏ ప్రయోజనం కోసమో చెప్పి ఉంటుంది. చివర శాపవాక్యాలు ఉంటాయి. దానం చేయడం కన్నా దాన్ని పాలించడమే శ్రేయస్సన్న బోధ ఉంటుంది. దాతకు ఆ భూమిపై అధికారం లేకపోతే శాసనం చెల్లదు. గ్రహశకలాల విషయంలో హక్కు ఇస్తున్న రాజ్యం తనకు ఆ వస్తువుపై ఏ అధికారమూ లేదని ముందే ఒప్పుకుంటున్నది. తనది కాని దానిలోని పాషాణ భోగాన్ని మరొకరికి ధారపోస్తున్నది. ఇది దాత లేని శాసనం. అంతేకాదు, ప్రాచీన శాసనంలో హక్కు పక్కనే నిలిచిన కర్తవ్యభాగం ఇందులో చాలా పలచన.

దీనికి ఒక సమాధానం ఉంది. సముద్రం ఎవరిదీ కాకపోయినా పట్టిన చేప జాలరిదే కదా అన్నది ఆ సమాధానం. 1609లో గ్రోషియస్ సముద్ర స్వాతంత్ర్యాన్ని సమర్థించిన తర్కానికి ఇది దగ్గరిది. అయితే చేప మళ్లీ పుడుతుంది, తవ్విన రాయి మళ్లీ పుట్టదు. పైగా సముద్రగర్భంలోని ఖనిజాల దగ్గరికి వచ్చేసరికి లోకం చేపల సూత్రాన్ని ఆశ్రయించలేదు. 1982 నాటి సముద్ర న్యాయ ఒప్పందం జాతీయ పరిధికి ఆవలి సముద్రగర్భాన్ని మానవజాతి ఉమ్మడి వారసత్వంగా ప్రకటించి, అనుమతికి ఒక అంతర్జాతీయ సంస్థను ఏర్పరచింది. అంటే అక్కడ దాత ఎవరన్న ప్రశ్నకు జవాబు వెదికారు.

వజ్రక్షేత్రాల సాక్ష్యం

చట్టం ఉంటే న్యాయం దానంతటదే వస్తుందా అన్నది తరువాతి ప్రశ్న. నంద్యాలకు పడమట ఉన్న బనగానపల్లె వజ్రపు గనులకు పేరొందిన చోటు. అక్కడి వజ్రాలు దొరికే రాతిపొరకు భూగర్భ శాస్త్రంలో ఆ ఊరి పేరే స్థిరపడింది. 1872లో భూగర్భ సర్వే తరఫున కడప, కర్నూలు శిలాశ్రేణులను వర్ణించిన విలియం కింగ్ ఆ తవ్వకాలను కూడా వివరించాడు.

గనుల ఫలాన్ని ఎలా పంచాలన్న ఆలోచన ఇంకా పాతది. కౌటిల్యుడు గనిని, రత్నాన్ని, నిధిని కనుగొని తెలిపినవాడికి ఆరవ వంతు, అతడు భృత్యుడైతే పన్నెండవ వంతు ఇవ్వాలన్నాడు. ఈ నియమంలో సమానత లేదు. కానీ పంపకం దొరకడానికి ముందే నిర్ణయమై ఉంది. 17వ శతాబ్దంలో గోల్కొండ, బీజాపూర్ రాజ్యాల గనులను చూసిన టావెర్నియర్ రాతల్లో మరో చిత్రం కనిపిస్తుంది. వర్తకుడు తవ్వకపు అనుమతికి రాజుకు సుంకం కట్టేవాడు. కొనుగోళ్లపై రాజుకు నూటికి రెండు వంతులు ముట్టేది. నైపుణ్యం గల గని కూలీకి ఏడాదికి దక్కినది సుమారు 3 వరహాలు. 50 మంది కూలీలకు 12 నుంచి 15 మంది కాపలాదారులుండేవారు. అక్కడ చట్టం ఉంది, రాజు ఉన్నాడు, లెక్క ఉంది. ప్రమాదం మాత్రం గోతిలో దిగినవాడిది, ఫలం గట్టు మీద నిలిచినవాడిది.

నేటి జొన్నగిరి, తుగ్గలి, మద్దికెర ప్రాంతాల్లో తొలకరి వానలు పడగానే పొరుగు జిల్లాల నుంచీ, కర్ణాటక నుంచీ జనం చేలల్లో రాళ్లు వెదుకుతారు. 1957 నాటి గనులు, ఖనిజాల చట్టం ప్రకారం లీజు లేకుండా ఖనిజం తీయకూడదు. చేనిలో మాత్రం నడిచేది వేరే ఆచారం. దొరికిన రాయి ధరను వ్యాపారి గుట్టుగా నిర్ణయిస్తాడు. తన రాయి విలువ తెలియని కూలీ ఇచ్చింది పుచ్చుకుంటాడు. విత్తవలసిన చేను తొక్కిడికి గురైన రైతుకు తరచుగా ఏమీ రాదు. ఇక్కడ లోపించినది చట్టం కాదు. వెదికేవాడికీ, నేల గలవాడికీ, కొనేవాడికీ మధ్య సమానమైన తెలివిడి లేదు. అంతరిక్షంలో ఈ అంతరం ఇంకా పెరుగుతుంది. ఏ శకలంలో ఏముందో తెలుసుకోగల దేశాలు కొన్ని మాత్రమే. తెలియని దేశాలు తమ వాటా ఎంతో అడగనైనా లేవు.

కాలువ చెప్పే పాఠం

సాహసికుడికి ప్రతిఫలం ఉండాలన్న వాదంలో బలముంది. ఒక్క బెన్ను శకలం నుంచి 2023లో 121.6 గ్రాముల పదార్థం తెచ్చిన యాత్రకు వంద కోట్ల డాలర్లకు పైగా ఖర్చయింది. లాభం మీద ఆశ లేకుండా ప్రైవేటు పెట్టుబడి అంత దూరం పోదు. అయితే నష్టం వచ్చినప్పుడు దాన్ని ఎవరు మోస్తారన్నది కూడా అడగాలి.

గోస్పాడు ఆయకట్టుకు నీరిచ్చే కర్నూలు–కడప కాలువ చరిత్ర ఇందుకు తగిన ఉదాహరణ. సుంకేసుల వద్ద తుంగభద్ర నుంచి మొదలయ్యే ఈ కాలువను 1860ల్లో తవ్వించినది మద్రాసు ఇరిగేషన్ కంపెనీ అనే ప్రైవేటు సంస్థ. పది లక్షల పౌన్ల మూలధనంపై 5 శాతం వడ్డీకి ప్రభుత్వం హామీ ఇచ్చింది. ఆశించినంత రాబడి రాలేదు. హామీ వడ్డీ ప్రజల పన్నుల నుంచి చెల్లింది. చివరకు 1882లో ప్రభుత్వమే కాలువను కొన్నది. లాభం వస్తే వాటాదారులది, నష్టం వస్తే ప్రజలది అన్న ఏర్పాటు అది. అంతరిక్షంలో దీనికి పోలిక అప్పుడే కనిపించింది. గ్రహశకలాల తవ్వకం కోసం పుట్టిన ప్లానెటరీ రిసోర్సెస్ సంస్థలో లక్సెంబర్గ్ ప్రభుత్వం వాటాగా పెట్టిన 1.2 కోట్ల యూరోలు ఆ సంస్థ 2018లో చేతులు మారేసరికి పోయాయి.

కానీ కాలువ కథలో రెండో సగం కూడా ఉంది. కంపెనీ విఫలమైనా కాలువ నేల మీద నిలిచింది. నేటికీ నంద్యాల, గోస్పాడు, ఆళ్లగడ్డ ప్రాంతాల పొలాలు దాని నీటితో పండుతున్నాయి. విఫలమైన సాహసం కూడా ఉమ్మడి సంపదను మిగల్చగలదని దీనివల్ల తెలుస్తుంది. అయితే ఏటేటా వచ్చే నీటికీ, ఒక్కసారి తీసేసే ఖనిజానికీ భేదముంది. తవ్వేసిన శకలం తరువాతి తరానికి కాలువలా మిగలదు. అందుచేత గ్రహశకలాల సాహసానికి ప్రజాధనం ఆసరా ఇచ్చినప్పుడు, సంపాదించిన జ్ఞానమూ ఫలంలో కొంత భాగమూ ఉమ్మడిగా నిలవాలన్న షరతు న్యాయమే అవుతుంది.

మిగిలినది చాలునా

శ్రమ కలిపినవాడిదే సొత్తు అన్న లాక్ సిద్ధాంతానికి ఆయనే ఒక హద్దు పెట్టాడు. ఇతరులకు తగినంత, అంత మంచిది మిగలాలి. ఆకాశంలో పది లక్షలకు మించిన గ్రహశకలాలను గుర్తించారు కనుక ఈ హద్దు బాధించదని కొందరనవచ్చు. కానీ తక్కువ ఇంధనంతో చేరి తిరిగి రాగలవి వాటిలో కొద్దిపాటివే. రాయలసీమ నేల విశాలమైనదే, వజ్రం దొరికే పొర మాత్రం పలచనిది. లెక్కలో సమృద్ధి ఉన్నా అందుబాటులో కొరత ఉండవచ్చునని ఈ సీమకు బాగా తెలుసు.

మరొక నష్టం కూడా ఆలోచించదగినది. ప్లాటినం పెద్ద మొత్తంలో భూమికి దిగితే దాని ధర పడిపోతుంది. దక్షిణాఫ్రికా గనుల మీద బతికే కార్మికులకు అది జీవన్మరణ సమస్య. వారు ఆ తవ్వకంలో పాల్గొనరు, దాని నిర్ణయంలోనూ పాల్గొనరు. భారతదేశం 2015లో గనుల చట్టాన్ని సవరించి, తవ్వకం వల్ల నష్టపోయే ప్రజల కోసం జిల్లా ఖనిజ నిధులను ఏర్పరచింది. అంతకు ముందే 1997లో, విశాఖ మన్యంలోని అనంతగిరి ప్రాంత గనులకు సంబంధించిన సమతా కేసులో, లాభంలో కనీసం 20 శాతం స్థానిక ప్రజల అభివృద్ధికి కేటాయించాలని సుప్రీంకోర్టు చెప్పింది. సంతకం చేయనివాడికి కూడా ఫలంలో చోటుందన్న సూత్రం ఈ నేల మీద ఆ విధంగా న్యాయంగా రూపుకట్టింది. అదే సూత్రాన్ని ఆకాశానికి విస్తరించకపోవడానికి తగిన కారణం కనబడదు.

ముగింపు

గ్రహశకలాల తవ్వకాన్ని నిషేధించాలని ఈ చర్చ చెప్పడం లేదు. భూమి మీది అడవులను, కొండలను కొంతైనా కాపాడగల సాధనంగా అది రేపు పరిణమించవచ్చు. చెప్పదగినది ఒక్కటే. పంపకపు నియమం ఫలం దొరకడానికి ముందే ఏర్పడాలి. చేనిలో రాయి దొరికిన తరువాత కూలీ, రైతు, వ్యాపారి ముగ్గురూ తమ వాటా వైపు నుంచే మాట్లాడతారు. దొరకడానికి ముందు మాత్రం, ఎవరికి దొరుకుతుందో తెలియదు కనుక, ముగ్గురికీ న్యాయమైన మాట ఒకటి సాధ్యం. ఆగామి, సాధ్య భోగాలను శాసనంలో ముందే పేర్కొన్న సంప్రదాయంలోని వివేకం ఇదే.

2023 ముగిసేనాటికి మానవులు గ్రహశకలాల నుంచి భూమికి తెచ్చిన పదార్థమంతా కలిపినా 130 గ్రాములు లేదు. ర్యుగు నుంచి వచ్చిన 5.4 గ్రాములు, ఇటోకావా నుంచి వచ్చిన ధూళి కణాలు కూడా ఈ లెక్కలోనివే. అది చేతిలో పట్టేంత మట్టి. దాన్ని అమ్మి ఎవరూ ధనవంతులు కాలేదు, దాన్ని కోల్పోయి ఎవరూ పేదలు కాలేదు. న్యాయమైన శాసనం రాసుకోవడానికి వీలున్న కాలం ఇదే. దాతగా నిలవవలసినది ఏ ఒక్క రాజ్యమో కాక మానవ సమాజమంతా అయినప్పుడే ఆ శాసనం చెల్లుతుంది.